షియాన్‌ను నాలుగు రోజుల్లో ఎలా చూడాలి: ముందు గోడ ఎక్కండి

చైనా టూర్ వేసుకునేవాళ్లు షియాన్‌కి మహా అయితే ఒక రోజు ఇస్తారు. పొద్దున పాత చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన మట్టి సైనికులు, సాయంత్రం తిండి వీధి, రాత్రికి బీజింగ్ రైలు. మొదటిసారి నేనూ అంతే చేశాను. ఇంటికొచ్చి ఫొటోలు తిరగేస్తే, సైనికులు తప్ప ఊరు ఎలా ఉందో ఒక్క ముక్క గుర్తు రాలేదు. రెండోసారి నాలుగు రోజులు ఉన్నాను. అందులో మొదటి పూటంతా కోటగోడ మీదే గడిపాను. ఆ తర్వాత చూసినవన్నీ వాటి వాటి చోట కూర్చున్నాయి.

ఎందుకంటే షియాన్ ఒక ఊరు కాదు, ఒకదాని మీద ఒకటి పడిన మూడు నాలుగు ఊళ్లు. క్రీస్తుకు ముందు చిన్, హాన్ వంశాల రాజధానులు ఇప్పటి ఊరికి వాయవ్యంగా ఉండేవి. తాంగ్ వంశం కాలంలో (618–907) చాంగాన్ అనే పేరుతో సుమారు 84 చదరపు కిలోమీటర్ల నగరం వెలిగింది. అది కూలిపోయాక, మింగ్ వంశం వాళ్లు 14వ శతాబ్దంలో దాని ఉత్తర భాగంలో చిన్న ముక్కకు గోడ కట్టుకున్నారు. ఇప్పుడు మనకు కనిపించేది ఆ గోడే. ఈ లెక్క తెలియకపోతే గుడి ఊరి బయట ఎందుకుందో, మసీదు ఊరి మధ్యలో ఎందుకుందో అర్థం కాదు.

బయల్దేరే ముందు

వీసా తప్పనిసరి. చైనా చాలా దేశాలవాళ్లకు ఇచ్చే 240 గంటల ట్రాన్సిట్ మినహాయింపు జాబితాలో మన దేశం లేదు. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల వీడియోలు చూసి పొరబడకండి. మనవాళ్లకు టూరిస్టు వీసాలు 2025 జూలైలో మళ్లీ మొదలయ్యాయి. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు హాంకాంగ్, బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ మీదుగా వెళ్లడం సులువు.

అక్టోబర్ 1 నుంచి వారం రోజులు, మే మొదటి వారం, చైనా కొత్త సంవత్సరం సెలవులు, ఈ మూడూ వదిలేయండి. ఆ రోజుల్లో దేశం దేశమంతా రోడ్డు మీద ఉంటుంది. మన సంక్రాంతికి విజయవాడ బస్టాండు ఎలా ఉంటుందో, అక్కడ ప్రతి గుడి ముందూ అలా ఉంటుంది. ఏప్రిల్ బాగుంటుంది, అక్టోబర్ రెండో సగం ఇంకా బాగుంటుంది. జూలైలో ఎండ 40 డిగ్రీల దాకా పోతుంది. దానికి మనం భయపడంగానీ, గోడ మీద మాత్రం చెట్టు నీడ ఉండదు.

డబ్బు సంగతి. యూపీఐ పనిచేయదు. ఇక్కడి నుంచే అలీపే, వీచాట్ యాప్‌లు ఫోన్‌లో వేసుకుని, పాస్‌పోర్టుతో పేరు ధ్రువీకరించుకుని, వీసా లేదా మాస్టర్ కార్డు కలపండి. అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేశారో లేదో బ్యాంకు యాప్‌లో చూసుకోండి. కొబ్బరి నీళ్లకు స్కాన్ చేసినట్టే అక్కడ నూడుల్స్ బండి దగ్గరా స్కాన్ చేయడమే. 200 యువాన్లు దాటిన చెల్లింపులకు కొంత ఫీజు పడుతుంది కాబట్టి పెద్ద బిల్లు ఉంటే నగదు ఇవ్వడం లాభం. చేతిలో ఓ 500 యువాన్లు ఉంచుకోండి. ఒక యువాన్ సుమారు 12–13 రూపాయలు.

గూగుల్, వాట్సాప్ అక్కడి నెట్‌లో తెరుచుకోవు. మన సిమ్ మీద అంతర్జాతీయ రోమింగ్ గానీ, విదేశీ ప్రయాణికుల ఈసిమ్ గానీ వేసుకుంటే తెరుచుకుంటాయి, హోటల్ వైఫైకి మారగానే ఆగిపోతాయి. ఇంట్లో అమ్మ కంగారు పడకుండా ఈ సంగతి ముందే చెప్పి వెళ్లండి. దారి చూసుకోవడానికి ఆమాప్ అనే మ్యాప్ యాప్ వాడండి, ఇంగ్లిషులో కూడా వస్తుంది. అనువాదం యాప్‌లో చైనీస్ భాషని ఆఫ్‌లైన్‌కి దించుకోవడం మర్చిపోవద్దు.

టికెట్ అన్నచోటల్లా పాస్‌పోర్టే టికెట్. రైలు గేటు దగ్గరా, మ్యూజియం గేటు దగ్గరా దాన్నే చూపించాలి. హోటల్లో వదిలి రావద్దు.

ఎక్కడ దిగాలి

గోడ లోపల దిగండి. ఊరి మధ్యలోని బెల్ టవర్‌కీ గోడ దక్షిణ ద్వారానికీ మధ్య ఎక్కడైనా సరే. విమానాశ్రయం నుంచి 14వ నంబర్ మెట్రోలో ఉత్తర రైల్వేస్టేషన్ దాకా వచ్చి, 2వ నంబర్‌కి మారితే నేరుగా బెల్ టవర్ కిందకి చేరతారు. బీజింగ్ నుంచి హైస్పీడ్ రైల్లో వచ్చినా దిగేది ఆ ఉత్తర స్టేషన్‌లోనే. మెట్రో ఎక్కే ప్రతిసారీ బ్యాగు స్కానింగ్ ఉంటుంది, అయిదు నిమిషాలు ఎక్కువ లెక్కేసుకోండి.

మొదటి రోజు: గోడ

పొద్దున్నే దక్షిణ ద్వారానికి వెళ్లండి. పేరు యోంగ్‌నింగ్. టికెట్ 54 యువాన్లు. ఎక్కే ముందు ద్వారం కట్టిన తీరు చూడండి. ఒక గుమ్మం దాటితే లోపలికి వెళ్లిపోం, నాలుగు వైపులా ఎత్తు గోడలున్న ఖాళీ వాకిట్లో పడతాం. శత్రువు మొదటి గుమ్మం పగలగొట్టుకుని వచ్చినా ఆ వాకిట్లో చిక్కుకుంటాడు, పైనుంచి బాణాలు పడతాయి. ఓరుగల్లు కోటలో మలుపులు తిరిగే ద్వారాలు చూసినవాళ్లకు ఈ ఎత్తుగడ వెంటనే తడుతుంది. ఓరుగల్లుకి మట్టికోట, రాతికోట వేరువేరుగా ఉంటే, ఇక్కడ రెండూ ఒకే గోడలో ఉన్నాయి. లోపల దిమ్మిసా కొట్టిన మట్టి, బయట 1568లో తొడిగిన ఇటుక.

గోడ చుట్టుకొలత 13.74 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు. పైన రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. సైకిళ్లు అద్దెకిస్తారు. వాన పడితే ఇవ్వరు. చుట్టూ తిరగడానికి రెండు గంటలు పెట్టుకోండి. ఇటుకల మీద సైకిల్ గడగడలాడుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఒక వైపు మాత్రం నడిచి దిగిపోవచ్చు.

ఇక్కడ ఒక పని చేయండి. దక్షిణ ద్వారం పైన నిలబడి ఉత్తరం వైపు తిరగండి. తిన్నటి రోడ్డు చివర బెల్ టవర్ కనిపిస్తుంది. అదే ఊరి మధ్య బొడ్డు. నాలుగు పెద్ద రోడ్లు అక్కడి నుంచే నాలుగు ద్వారాలకు పోతాయి. ఇప్పుడు దక్షిణానికి తిరగండి. అటు నాలుగు కిలోమీటర్ల దూరంలో, మేడల వెనక ఎక్కడో, పెద్ద హంస గోపురం అనే బౌద్ధ గోపురం ఉంది. ఇప్పుడది గోడకు ఆవల. కానీ తాంగ్ కాలంలో అదీ ఊరి లోపలే, రోజూ జనం మసలే పేట. అప్పటి చాంగాన్‌లో ఇలాంటి ప్రహరీ పేటలు నూటికి పైగా ఉండేవి. సాయంత్రం డప్పు మోగగానే పేట గేట్లు మూసేసేవారు. మీరు నిలబడ్డ గోడ ఆ నగరంలో ఏడో వంతు కూడా లేదు.

గోడ దిగాక తూర్పు వైపు షూయువాన్‌మెన్ వీధిలో నడవండి. రెండు వైపులా కుంచెలు, సిరా కడ్డీలు, కాగితం చుట్టలు అమ్ముతారు. ఆ వీధి చివర రాతి శాసనాల మ్యూజియం ఉంది, 1087లో మొదలైంది. చైనీస్ చదవడం రానివాళ్లకు ఇక్కడేముంటుంది అనుకోకండి. రెండు చూస్తే చాలు. ఒకటి, 837లో పూర్తయిన కన్ఫ్యూషియన్ గ్రంథాల రాళ్లు. 114 రాతి పలకల మీద రెండు వైపులా పన్నెండు పుస్తకాలు చెక్కారు. అచ్చు లేని రోజుల్లో, నకలు రాసుకునేవాళ్లు తప్పులు దిద్దుకోవడానికి ఇదే ఒజ్జబంతి. రెండోది, 781 నాటి క్రైస్తవ శాసనం. 635లో పశ్చిమం నుంచి ఒక క్రైస్తవ గురువు చాంగాన్ చేరిన సంగతి చైనీస్‌లో చెబుతుంది, రాయి మీద అక్కడక్కడ పశ్చిమాసియా క్రైస్తవుల సిరియాక్ లిపి కూడా కనిపిస్తుంది. ఏ మతంవాడైనా ఈ ఊరికి రావడం ఎంత మామూలు విషయమో ఆ రాయి చూస్తే తెలుస్తుంది.

రెండో రోజు పొద్దున: మసీదు, తిండి

డ్రమ్ టవర్ (1380) కమాను కింద నుంచి లోపలికి వెళ్తే హుయ్ అనే చైనా ముస్లింల పేట. తిండి వీధి అని అందరూ చెప్పేది దీన్నే. పెద్ద వీధిలో సగం దుకాణాలు టూరిస్టుల కోసం. కడ్డీకి గుచ్చిన స్క్విడ్ ఈ ఊరి తిండి కాదు, సముద్రం ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల దూరం! వీధి చూసి, ఫొటో తీసుకుని, తినడానికి మాత్రం పడమటి సందుల్లోకి, సాజిన్‌ఛియావ్ వైపు వెళ్లండి. ఊరివాళ్లు టిఫిన్‌కి నిలబడే చోటు అదే.

టిఫిన్‌కి హూలాతాంగ్ తాగండి. చిక్కటి మిరియాల పులుసులో బంగాళాదుంప, క్యాబేజీ, గొడ్డుమాంసం ఉండలు. గొడ్డుమాంసం తిననివాళ్లకు జెంగ్‌గావ్ ఉంది. జిగురు బియ్యం, ఖర్జూరం లాంటి ఎర్ర రేగుపళ్లు, చిక్కుడు గింజలు పొరలు పొరలుగా పెద్ద కుండలో గంటల తరబడి ఉడికిస్తారు. చక్కెర పొంగలి తిని పెరిగినవాళ్లకు పరాయిగా అనిపించదు.

తర్వాత మసీదు. సందులో నుంచి వెళ్లాలి, గుమ్మటం కనిపిస్తుందని వెతక్కండి, ఉండదు. స్థాపన 742 అని చెబుతారు, ఇప్పుడున్న కట్టడాలు మింగ్ కాలంవి. వరసగా వాకిళ్లు, వంపు తిరిగిన కప్పులు, మీనారు స్థానంలో ఎనిమిది పలకల చెక్క మండపం. చైనా గుళ్లు సాధారణంగా దక్షిణానికి చూస్తాయి. ఇది మాత్రం తూర్పు నుంచి పడమరకు సాగుతుంది, మక్కా అటు కాబట్టి. నమాజు హాల్లోకి మిగతావాళ్లకు ప్రవేశం లేదు, గుమ్మం దగ్గర నుంచి చూడొచ్చు. వీధి గోలకు పది అడుగుల దూరంలో ఇంత నిశ్శబ్దం ఎలా ఉందా అని నేను అరగంట కూర్చుండిపోయాను.

మధ్యాహ్నానికి పావ్‌మో. దీనికి పద్ధతుంది, తెలియకుండా వెళితే నవ్వుతారు. ముందు మీకు ఖాళీ గిన్నె, రెండు గట్టి రొట్టెలు ఇస్తారు. వాటిని మీరే తుంచాలి, సెనగపప్పు బద్దంత ముక్కలుగా. పెద్దవి చేస్తే లోపల ఉడకవు, రుచి పట్టదు. ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ లోపు కబుర్లు చెప్పుకోవాలి, అదే ఆచారం. గిన్నెకో నంబర్ ఉంటుంది, గుర్తు పెట్టుకోండి. వంటవాడు దాన్ని తీసుకెళ్లి మటన్ రసంలో ఉడికించి తెస్తాడు. రసం ఎంత కావాలో కూడా చెప్పొచ్చు. ఎక్కువ రసం ఉంటే దాని పేరు "షుయ్ వెయ్ ఛెంగ్", అంటే నగరం చుట్టూ నీళ్లు. కందకం ఉన్న ఊరు మరి! వచ్చాక గరిటెతో కలిపేయకండి, అంచు నుంచి కొంచెం కొంచెంగా తినాలి. పక్కన తియ్యటి వెల్లుల్లి ఊరగాయ ఇస్తారు. హైదరాబాద్‌లో పాయాలో రొట్టె ముంచుకునేవాళ్లకు ఇది దగ్గర చుట్టం.

ఈ పేటలో పంది మాంసం ఉండదు, సారా ఉండదు. బయట అమ్మే రౌజియామోలో, అంటే రొట్టె మధ్య తరిగిన మాంసం పెట్టే దాంట్లో, మామూలుగా పందే ఉంటుంది. పేటలోనైతే గొడ్డుమాంసం. ఏది తినరో అది చైనీస్‌లో రాసిన స్క్రీన్‌షాట్ ఫోన్‌లో ఉంచుకుని చూపించండి. నోటితో పలకడం మీద నమ్మకం పెట్టుకోవద్దు, స్వరం మారితే అర్థం మారే భాష అది.

శాకాహారులు ఆకలితో పడుకోవాల్సిన ఊరు కాదిది. లియాంగ్‌పీ ఉంది: చల్లటి వెడల్పు నూడుల్స్, దోసకాయ తురుము, వెనిగర్, కారం నూనె. యోపో మియెన్ ఉంది: వేడి నూడుల్స్ మీద ఎండుమిరపకారం, వెల్లుల్లి పోసి, పొగలు కక్కే నూనె చుయ్‌మని వంపుతారు. ఆ వాసనకి మన వంటింటి తాలింపే గుర్తొస్తుంది. ఈ షాన్‌షీ రాష్ట్రం వింతల మీద వాళ్లే చెప్పుకునే సామెతల్లో రెండు ఇవి: నూడుల్స్ నడికట్టంత వెడల్పు, నూనె పోసిన కారమే ఒక కూర. కారాన్ని కూరగా లెక్కేసే జనం మన గుంటూరు దాటాక ఇక్కడే తగిలారు నాకు. మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా, మన తేజ మిర్చి కొనే దేశాల్లో చైనా ముందుంటుంది.

బియాంగ్‌బియాంగ్ నూడుల్స్ బోర్డు దగ్గర ఆగి ఆ అక్షరం చూడండి. యాభైకి పైగా గీతలు. ఆ శబ్దం పిండి సాగదీసి బల్లకేసి కొట్టే చప్పుడు అంటారు.

రెండో రోజు సాయంత్రం: మన యాత్రికుడి గోపురం

మెట్రోలో దాయన్‌తా స్టేషన్‌లో దిగండి, గోడ మీద చెప్పుకున్న పెద్ద హంస గోపురం ఇక్కడే. ఈ గోపురం దగ్గరకి తెలుగువాళ్లు కొంచెం ఎక్కువ ఆసక్తితో వెళ్లాలని నా పట్టుదల. బడిలో హ్యుయాన్‌త్సాంగ్ అని బట్టీ పట్టామే, ఆ భిక్షువు ఉన్న ఊరు ఇదే. చాంగాన్ నుంచి బయల్దేరి మన దేశమంతా తిరిగాడు. ఆంధ్ర దేశానికీ వచ్చాడు, చరిత్రకారులు వేంగిగా గుర్తించే రాజధానిని వర్ణించాడు. ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతి దగ్గర, కొన్ని నెలలు ఉండి అక్కడి భిక్షువుల దగ్గర అభిధర్మం, అంటే బౌద్ధ తత్వశాస్త్రం, చదువుకున్నాడు. 645లో 657 గ్రంథాలతో తిరిగొచ్చి, మిగతా జీవితమంతా అనువాదం చేస్తూ గడిపాడు. తెచ్చినవి భద్రపరచడానికి 652లో కట్టించిన గోపురం ఇది. తర్వాత 8వ శతాబ్దం మొదట్లో మళ్లీ కట్టారు. ఏడు అంతస్తులు, ఎత్తు 64 మీటర్లు. హంస పేరు కూడా మగధలో ఆయన విన్న కథ నుంచే వచ్చిందంటారు.

గుడి టికెట్ వేరు, గోపురం ఎక్కే టికెట్ వేరు. ఎక్కకపోయినా నష్టం లేదు. కింద దక్షిణ గుమ్మానికి రెండు వైపులా ఉన్న 653 నాటి శాసనాలు మాత్రం చూడండి, ఒకదాని మీద చక్రవర్తి, ఇంకొకదాని మీద యువరాజు రాసిన మాటలున్నాయి.

చీకటి పడ్డాక దక్షిణంగా నడిస్తే దాతాంగ్ బుయెఛెంగ్ అనే దీపాల వీధి. తాంగ్ కాలం దుస్తులు అద్దెకు తీసుకుని, జడల్లో పూలు పెట్టుకుని ఆడపిల్లలు వేల మంది తిరుగుతుంటారు. కట్టడాలన్నీ కొత్తవే, సినిమా సెట్టు లాంటివి. గంట చాలు.

మూడో రోజు: మట్టి సైనికులు

ఊరికి సుమారు 40 కిలోమీటర్లు. ఇక్కడ నేను పడ్డ తిప్పలు మీరు పడొద్దు. మొదటిసారి రైల్వేస్టేషన్ ముందు జెండా పట్టుకున్న ఒకతను "టెర్రకోటా, టెర్రకోటా" అని అరుస్తుంటే ఎక్కేశాను. బస్సు ముందు పచ్చల దుకాణానికి, ఆ తర్వాత ఏదో బొమ్మల ప్రదర్శనకి తీసుకెళ్లింది. అసలు చోటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. మీరు హాయిగా 1వ నంబర్ మెట్రోలో ఫాంగ్‌జీఛెంగ్ వెళ్లి, 9వ నంబర్‌కి మారి, హువాచింగ్‌ఛీ స్టేషన్‌లో దిగండి. అక్కడి నుంచి ఊరి బస్సు దొరుకుతుంది. 120 యువాన్ల టికెట్ ముందే ఆన్‌లైన్‌లో పాస్‌పోర్టు నంబర్‌తో కొనుక్కోండి. గేటు తెరిచే వేళకి ఉండాలి, పదింటికల్లా గుంపులు దిగుతాయి.

చిన్ వంశపు మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన బొమ్మలివి, 1974 మార్చిలో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డాయి. మొత్తం ఎనిమిది వేల దాకా ఉంటాయని అంచనా. మూడు గుంటల్లో ఒకటోది పెద్దది, 230 మీటర్ల పొడవు. జనం దానికే ఎగబడతారు. మీరు మూడు, రెండు చూసి ఒకటోదానికి చివర్లో రండి. ముందు వరసలో తోసుకోకుండా పక్క దారిలో వెనక దాకా నడవండి. విరిగిన ముక్కలు అతికించి సైనికుల్ని నిలబెట్టే చోటు అక్కడుంది. తలలేనివి, సగం కాళ్లున్నవి, నంబర్ చీటీలు కట్టినవి. ఇవి రెండు వేల ఏళ్లు ఇలా చెక్కుచెదరకుండా నిలబడలేదు, పైకప్పు దూలాలు కాలి కూలితే నలిగిపోయాయి. ఇప్పుడు చూస్తున్న ప్రతి సైనికుడూ ముక్క ముక్క కూర్చినవాడే. ఒకప్పుడు రంగులూ ఉండేవి. తవ్వి తీస్తే గాలి తగిలిన కొద్ది నిమిషాలకే రంగు కింది లక్క పొర ముడుచుకుని రాలిపోతుంది. తొందరపడి అంతా తవ్వకపోవడానికి అదొక కారణం. కొన్ని బొమ్మల మీద చేసిన కుమ్మరి పేరు కూడా చెక్కి ఉంది, పని బాగోకపోతే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి.

ఆ చక్రవర్తి సమాధి దిబ్బ ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో ఉంది, దాన్ని ఇప్పటికీ తెరవలేదు. టికెట్‌లోనే అది కూడా వస్తుంది. కంచు రథాల మ్యూజియం ఇప్పుడు ఆ వైపే ఉంది, వదలొద్దు.

నాలుగో రోజు: మ్యూజియం, తర్వాత విమానం

షాన్‌షీ చరిత్ర మ్యూజియంలో ఉచిత ప్రవేశం ఉంది, కానీ ముందే బుక్ చేసుకోవాలి. తిరుమల దర్శనం టికెట్లలాగే విడుదలైన నిమిషాల్లో అయిపోతాయి. సోమవారం సెలవు. దొరికితే 1970లో హెజియా గ్రామంలో దొరికిన నిధి చూడండి. తాంగ్ కాలంనాటి బంగారు, వెండి పాత్రల మధ్య పర్షియా, బైజాంటియం, జపాన్ నాణేలు ఉన్నాయి. దొరక్కపోతే చిన్న హంస గోపురం ఆవరణలోని షియాన్ మ్యూజియానికి వెళ్లండి, చెట్ల నీడ, తక్కువ జనం.

సాయంత్రం విమానమైతే దారిలో హాన్ యాంగ్‌లింగ్ పెట్టుకోండి, విమానాశ్రయం వైపే ఉంది. బస్సు కోసం చూడకుండా అలీపేలోనే దీదీ ట్యాక్సీ పిలవండి. క్రీ.పూ. 141లో చనిపోయిన హాన్ చక్రవర్తి సమాధి ఇది. గుంటల మీద అద్దపు నేల వేశారు, కాళ్ల కింద చూస్తూ నడవాలి. ఇక్కడి బొమ్మలు అరవై సెంటీమీటర్లవే. చేతులు చెక్కతో, బట్టలు పట్టుతో చేసినవి కుళ్లిపోవడంతో చేతుల్లేకుండా, దిసమొలతో, చిన్న నవ్వుతో నిలబడి ఉంటాయి. పక్క గుంటలో పందులు, గొర్రెలు, కుక్కలు బారులు తీరి ఉన్నాయి. సైన్యం తీసుకెళ్లిన చక్రవర్తి కన్నా మందను తీసుకెళ్లిన చక్రవర్తే నాకు ఎక్కువ నచ్చాడు.

కారం నూనె సీసా కొన్నారా? చెకిన్ బ్యాగులో పెట్టండి, చేతి సంచిలో ఉంటే తీసి పారేస్తారు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే. చైనా లోపల తిరిగే విమానమైతే దాని మీద చైనా వాళ్ల 3సీ అనే భద్రతా ముద్ర ఉండాలి, మన ఊళ్లో కొన్నవాటికి సాధారణంగా ఉండదు. నాది గేటు దగ్గర పెట్టెలో పడేసి వచ్చాను.